పన్నెండో రాయి

సాంతా రీతా ఊళ్ళో పాత రేవుకు మున్సిపాలిటీ వాళ్ళు పసుపు రంగు వేయించారు. అంతటితో ఆగి ఉంటే ఒతీలియా ఊరుకునేదేమో. గోడ మీద ఇంత పొడుగున బొమ్మ కూడా గీయించారు. బొమ్మలో ఆడవాళ్ళు వరసగా రాళ్ళ ముందు నిలబడి, ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టి నవ్వుతూ బట్టలు ఉతుకుతున్నారు. ఒక్కరి వేళ్ళూ పగల్లేదు, ఒక్కరి నడుమూ వంగలేదు. ఒకావిడ చెవిలో ఎర్రటి పువ్వు కూడా పెట్టుకుంది.

“ఆవిడ చెవిలో కాదే, మన చెవుల్లో పెట్టారు పువ్వులు,” అంది ఒతీలియా. “ఈ బొమ్మ గీసినవాడు పుట్టి బుద్ధెరిగి ఒక్క చేతిరుమాలు ఉతికి ఉండడు.”

“పోనీలేవే. రంగులు బాగానే ఉన్నాయిగా,” అంది పక్కనున్న తొమాసా.

“నీకు బాగుండనిది ఏముంది? నీకు గాడిదైనా గుర్రంలాగే కనిపిస్తుంది.”

తొమాసా నవ్వింది. ఒతీలియా నోటికి దురుసుతనం ఎక్కువని ఊరంతా అనేది. ఆ దురుసుతనాన్ని డెబ్బై ఏళ్ళుగా కాఫీలో కలుపుకుని తాగుతున్నది తొమాసా ఒక్కతే. ఇద్దరివీ కొండవాలున ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళు. ఇద్దరికీ డెబ్బై నాలుగేళ్ళు. ఇద్దరూ విధవలు. పొద్దున్నే దాల్చినచెక్క వేసిన కాఫీ తొమాసా ఇంట్లో కాగుతుంది, ఒతీలియా తన ముక్కాలిపీట తాను తెచ్చుకుని మరీ వెళ్ళి కూర్చుంటుంది. రేవులో నలభై ఏళ్ళు ఇద్దరిదీ పక్కపక్క రాయి. పదకొండోది తొమాసాది, పన్నెండోది ఒతీలియాది.

రేవు సంగతి తెలియనివాళ్ళకు రాళ్ళన్నీ ఒకటే. తెలిసినవాళ్ళకు కావు. కొండ ఊట మొదటి రాయి దగ్గర పడేది. అక్కణ్ణుంచి నీళ్ళు సన్న కాలువలో రాళ్ళ వెంబడి పారుతూ, ఒక్కో రాయి దగ్గర ఒక్కో తొట్టి నింపుతూ, పన్నెండో రాయి దాటి లోయలో పడేవి. మొదటి రాయివాళ్ళకు ముఖం కనిపించేంత తేట నీళ్ళు. ఆరో రాయికి వచ్చేసరికి బియ్యం కడిగిన కుడితి. పన్నెండో రాయికి చేరేది ఊరందరి మురికి. రాయి తల్లి నుంచి కూతురికి వచ్చేది. నీ రాయి ఎన్నోదో చెబితే నీ బతుకు ఎన్నోదో చెప్పినట్టే.

పన్నెండో రాయి ఒతీలియా తల్లి బసీలియాది. రోగుల పక్కబట్టలు, పురిటి గుడ్డలు, చచ్చినవాళ్ళ బట్టలు ఆమెకే పడేవి. అక్కడ ఉతికితే ఆ నీళ్ళు మరొకరి తొట్టిలోకి పోకుండా నేరుగా లోయలో పడతాయి. పద్ధతి మంచిదే, ఒతీలియా కూడా కాదనదు. కానీ దానికి ఇంకో వైపు ఉంది. ఒక ఇంటి మూట బసీలియా గుమ్మంలో దిగిందంటే, ఆ ఇంట్లో జబ్బుందని టముకు వేసినట్టే. ఇక ఆ ఇంటి పిల్లలతో ఎవరూ ఆడుకోరు, ఆ ఇంటి గడప ఎవరూ తొక్కరు, ఆ ఇంట్లో అమ్మే వస్తువు ఎవరూ కొనరు.

అలాగని తీపి లేదని కాదు. ఒతీలియాకు కోపం వచ్చేది సరిగ్గా అక్కడే, తీపి నిజంగానే ఉంది కాబట్టి. సోమవారం తెల్లబట్టలు, శనివారం కంబళ్ళు. తడిసిన కంబళి ఒక మనిషికి లొంగేది కాదు. తొమాసా ఒక కొస, ఒతీలియా ఒక కొస పట్టుకుని, కాళ్ళు తన్నిపెట్టి చెరోవైపు మెలిపెట్టేవారు. నీళ్ళు కారడం ఆగిపోయినా తొమాసా వదిలేది కాదు, ఒతీలియా కాలు జారి తొట్టిలో పడితే తప్ప ఆ ఆట ముగిసేది కాదు. గోడ వెనక నిప్పు మీద చిక్కుళ్ళ కుండ ఉడుకుతూ ఉండేది, ఎవరి రొట్టెలు ఎవరు తిన్నారో లెక్క ఉండేది కాదు. మొగుళ్ళ మీద పాట ఒకటి ఉండేది. మొదటి రాయి నుంచి మొదలై, ఒక్కో రాయి దగ్గర ఒక్కో తిట్టు చేర్చుకుని కిందికి దిగేది. పన్నెండో రాయి చేరేసరికి ఊళ్ళో ఏ మగవాడి పరువూ మిగిలేది కాదు. ఎవరైనా పురుడు పోసుకుంటే నలభై రోజులు వాళ్ళింటి బట్టలు మిగతావాళ్ళు వంతులేసుకుని ఉతికేవారు, అడగక్కర్లేదు. ఒతీలియాకు కూతురు పుట్టినప్పుడు ఎవరి వంతూ రానివ్వకుండా నలభై రోజులూ తొమాసాయే ఉతికింది.

ఇళ్ళకు కుళాయిలు వచ్చాయి, తర్వాత మిషన్లు వచ్చాయి, రేవు ఎండింది. ఇరవై ఏళ్ళు మేకలు పడుకున్నాయి. ఇప్పుడు ఎవరికో హఠాత్తుగా పాత రోజుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

ఆ ప్రేమను మోసుకుని యెసేనియా అనే పిల్ల ఒతీలియా ఇంటికి వచ్చింది. మున్సిపాలిటీలో సంస్కృతి శాఖ అట. చెడ్డపిల్ల కాదు. ఫోను ముందు పెట్టి, “ఆ రోజుల్లో అందరూ ఎంత కలిసిమెలిసి ఉండేవారో చెప్పండి మామ్మా,” అంది.

“ఎవరు చెప్పారు నీకు, కలిసిమెలిసి ఉన్నామని?”

“అందరూ అదే చెప్పారు మామ్మా. ఒక్క తల్లి పిల్లల్లా ఉండేవారని అంపారోగారు చెప్పారు. మన ఊరి పునీత రీతమ్మ పండగ రోజు రేవు తెరుస్తున్నాం. ఒక్కో రాయికి ఆ కుటుంబం పేరుతో ఇత్తడి బిళ్ళ వేయిస్తున్నాం. మీరు కూడా నాలుగు మాటలు మాట్లాడాలి.”

“మొదటి రాయి మీద ఎవరి పేరు?”

“లియొనోర్ అర్రియాగాగారిది. అంపారోగారి అమ్మగారు.”

ఒతీలియా ముఖంలోకి నెత్తురు పొంగింది. మొదటి రాయి అర్రియాగాల ఇంటిదన్న మాట నిజమే. అయితే అక్కడ ఉతికింది వాళ్ళింటి పనిమనుషులు, ఒకరి తర్వాత ఒకరుగా ఏడెనిమిది మంది. వాళ్ళ పేర్లు ఎవరికి కావాలి? ఊరంతా గొప్పగా దోన్యా అని పిలిచే ఆ లియొనోర్ చెయ్యి ఆ రాయి మీద జన్మలో ఒక్కసారే తడిసింది. ఆ ఒక్కసారీ ఒతీలియా చూసింది.

“పన్నెండో రాయికో?” అని అడిగింది.

యెసేనియా కొంచెం ఇబ్బందిపడింది. “అది బీటలిచ్చింది కదా మామ్మా. దాని తొట్టిలో మట్టి పోసి పూలమొక్కలు పెట్టాం. ఫోటోలకు చాలా బావుంది.”

“వస్తానమ్మా,” అంది ఒతీలియా. “వచ్చి మాట్లాడతాను. వద్దన్నా మాట్లాడతాను.”

పంతొమ్మిది వందల యాభై తొమ్మిదిలో ఒతీలియాకు పన్నెండేళ్ళు. ఒకరోజు తెల్లవారకముందే తల్లి ఆమెను పొయ్యి బూడిద తెమ్మని రేవు వెనక్కి పంపింది. సబ్బుకు డబ్బుల్లేని రోజుల్లో బూడిదే సబ్బు. గోడ పక్కనుంచి చూస్తే మొదటి రాయి దగ్గర ఒక మనిషి. తలమీదుగా శాలువా కప్పుకుని, గౌను చేతులు మోచేతుల దాకా మడిచి, దుప్పటి ఉతకడం చేతకాక బాదుతోంది. శాలువా జారింది. దోన్యా లియొనోర్. ఊళ్ళో అందరి మొక్కజొన్నా పిండయ్యే మరకు యజమానురాలు. రాతి మీదున్న దుప్పటి అంచున పట్టుదారంతో కుట్టిన వాళ్ళింటి అక్షరాలు. దుప్పటి మధ్యన రోగపు మరకలు.

కూతురు అంపారోకు విషజ్వరం. మూట బసీలియాకు ఇస్తే ఊరికి తెలుస్తుంది, ఊరికి తెలిస్తే మర ఆగుతుంది. పనిమనిషికి ఇచ్చినా నోరు జారుతుంది. అందుకని ఆ మహాతల్లి తానే వచ్చి, నీళ్ళు మొదలయ్యే చోట, పదకొండు తొట్లకూ పైన, ఆ దుప్పట్లు జాడించుకుని వెళ్ళింది. చివరి రాయి దాకా నడిచి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు. కానీ అర్రియాగాల ఆడది పన్నెండో రాయి ముట్టుకోవడమా! ప్రాణం పోయినా సరే. పోయాయి కూడా, అయితే ఆమె ఇంట్లోవి కావు.

ఆ కాలువ నీళ్ళతోనే ఆడవాళ్ళు నోరు పుక్కిలించేవారు, పిల్లలకు దోసిళ్ళతో తాగించేవారు. రెండు వారాల్లో తొమ్మిదిమంది పిల్లలు పోయారు. అందులో తొమాసా తమ్ముడు బెతో ఒకడు, నాలుగేళ్ళవాడు. అంపారో మాత్రం లేచి కూర్చుంది.

చీకట్లో మొదటి రాయి దగ్గర ఎవరో ఆడమనిషిని చూశానని పాలవాడు అన్నాడు. ఆ ఆదివారం చర్చి మెట్ల మీద దోన్యా లియొనోరే తేల్చేసింది: “ఇంకెవరు, బసీలియాయే. మూట మోసుకుని కిందికి దిగడానికి ఒళ్ళు బరువై, పైన ఉతికేసింది.” అంతే. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ఉతికితే ఎవరింటి దుప్పట్లు ఉతికిందని ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, అడగలేదు. పదకొండు రాళ్ళ ఆడవాళ్ళు కలిసి వచ్చి బసీలియా బానలు పగలగొట్టి, ఆరేసిన బట్టలు లోయలోకి విసిరేశారు. ఇక రేవులో అడుగు పెట్టొద్దన్నారు. కలిసిమెలిసి ఉండటమంటే అదీ, ఆ రోజు నిజంగానే ఒక్క తల్లి పిల్లల్లా వచ్చారు.

“అమ్మా, నేను చూశానే!” అని ఒతీలియా ఏడ్చింది.

బసీలియా కూతురి నోరు మూసింది. “నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు. మన మాట మర దాకా కూడా పోదు. నోరు విప్పావంటే ఈ కొండవాలున ఉన్న గుడిసె కూడా ఉండదు. రీతమ్మ మీద ఒట్టు పెట్టు, ఎవరికీ చెప్పనని.” ఒతీలియా ఒట్టు పెట్టింది.

బసీలియా రెండేళ్ళు లోయలో మోకాలిలోతు చల్లనీళ్ళలో నిలబడి ఉతికింది. మూడో ఏడు చలికాలంలో దగ్గి దగ్గి పోయింది. ఆమె కట్టుబట్టలు ఉతకడానికి ఊళ్ళో ఎవరూ ముందుకు రాలేదు, పధ్నాలుగేళ్ళ కూతురే ఉతికింది. ఇంకో రెండేళ్ళకు ఊరివాళ్ళే ఒతీలియాను పిలిచి ఆ చివరి రాయి ఇచ్చారు. జాలిపడి కాదు. ఊళ్ళో చావులు ఆగవు, ఆ బట్టలు ఎవరో ఒకరు ఉతకాలి.

ఒట్టు వల్ల ఒతీలియాను అన్నిటికన్నా ఎక్కువ తొలిచింది వేరే సంగతి. తొమాసా తమ్ముణ్ణి ఎవరు చంపారో తనకు తెలుసు, తొమాసాకు తెలియదు. నలభై ఏళ్ళు పక్క రాయి మీద, ఇంకో దాదాపు ఇరవై ఏళ్ళు కాఫీ ముందు కూర్చుని, ఆ పిచ్చిదాని దగ్గర నిజం దాచింది. బెతో పేరు వచ్చినప్పుడల్లా ఒతీలియా కళ్ళు దించుకునేది.

పండగ ముందురోజు కాఫీ దగ్గర అంది: “రేపు నేనక్కడ ఒక మాట చెప్పబోతున్నాను. అమ్మకిచ్చిన ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. విన్నాక ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని నన్ను చెప్పుతో కొట్టినా పడతాను.”

తొమాసా గ్లాసు కింద పెట్టింది. “ఇప్పుడెందుకే అవన్నీ? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పాటొకటి పాడి, మొక్కజొన్న టమాల్ తినేసి వచ్చేద్దాం.”

“మా అమ్మ పేరు మీద తొమ్మిది శవాలున్నాయి. నాకు టమాల్ దిగుతుందా?”

తొమాసా లేచి గ్లాసులు లోపలికి తీసుకెళ్ళింది.

మర్నాడు బ్యాండు మోగింది, మేయరు రిబ్బను కత్తిరించాడు, ఫాదరు నీళ్ళు చల్లాడు. అంపారో చేతికర్ర ఊతంగా లేచింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి, మెడలో ముత్యాలు. “ఇక్కడ పేదా గొప్పా లేదు,” అంది మైకులో. “ఒకే నీళ్ళు, ఒకే సబ్బు, ఒకే నవ్వు. ఆ రోజులు మళ్ళీ రావు.” అందరూ చప్పట్లు కొట్టారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఒతీలియాకు కాలి బొటనవేలి నుంచి నడినెత్తి దాకా మండుకొచ్చింది. యెసేనియా పిలవకముందే వెళ్ళి మైకు అందుకుంది.

“ఒకే నీళ్ళట,” అంది. “అంపారోగారికి అలాగే ఉంటుంది, ఆవిడ పైన ఉంది. కిందున్నవాళ్ళను అడగండి, ఎన్ని రకాల నీళ్ళో చెబుతాం. నేను బసీలియా కూతుర్ని. తొమ్మిదిమంది పిల్లల్ని చంపిందని మీ అమ్మలూ అమ్మమ్మలూ తరిమేశారే, ఆ బసీలియా. ఆ దుప్పట్లు మా అమ్మ ఉతకలేదు. అంపారోగారి పక్క మీద దుప్పట్లవి. దోన్యా లియొనోర్ స్వయంగా వచ్చి, ఇదిగో, ఈ ఇత్తడి బిళ్ళ కొట్టారే, ఈ రాయి మీద ఉతికింది. నా రెండు కళ్ళతో చూశాను. అమ్మ ఒట్టు పెట్టించుకుంది గనక ఇన్నాళ్ళూ నోరు కుట్టుకున్నాను. ఇవాళ చెబుతున్నాను.”

పిడుగు పడుతుందనుకుంది. అరుపులు వస్తాయని, కాదంటారని, అబద్ధాలకోరు అంటారని, మైకు లాక్కుంటారని అన్నిటికీ సిద్ధపడి వచ్చింది. ఏమీ రాలేదు. ముందు వరసలోని ముసలివాళ్ళు ఒళ్ళోని చేతులు చూసుకున్నారు. కుర్రవాళ్ళు వాళ్ళ ముఖాలు చూశారు.

అంపారో తల అడ్డంగా ఊపింది, కోపంగా కాదు, విసుగ్గా. “ఇప్పుడెందుకు ఒతీలియా ఆ పాత గోల? అది ఎవరికి తెలియదు గనక? అందరూ పోయారు. వాళ్ళ ఆత్మలనైనా ప్రశాంతంగా ఉండనీ.”

“ఎవరికి తెలియదంటే?”

వెనక నుంచి ఒక ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఆనాడు ఆడమనిషిని చూశానన్న పాలవాడి కొడుకు. “మా నాన్నకు తెలుసమ్మా. ఆయన చూసిన ఆడమనిషి కాళ్ళకు చెప్పులున్నాయి, మీ అమ్మకు చెప్పులెక్కడివి? ఊళ్ళో అందరికీ తెలుసు. అయితే మర వాళ్ళది. పిండాడించుకోవడానికి ఇంకో ఊరు పోగలమా?”

రహస్యమని ఒతీలియా గుండెల మీద బండలా మోసినది, ఊరి సంతలో పడి ఉన్న సరుకట. తెలిసే బానలు పగలగొట్టారు. తెలిసే లోయలోకి తోలారు. తెలిసే ఆమె కూతురి చేత తమ శవాల బట్టలు ఉతికించుకున్నారు.

“అందరూ పోయారంటున్నావు,” అంది అంపారోతో. “మా అమ్మ ఒక్కతే పోయింది. మీ అమ్మ పేరు రాతి మీద మెరుస్తోంది.”

తర్వాత ఆమె చూపు మూడో వరసకు పోయింది. తొమాసా శాలువా కొసను రెండు చేతులతో మెలిపెడుతోంది.

“నువ్వు చెప్పవే. నీకు తెలియదు. నీకు తెలియదని చెప్పు వీళ్ళకు.”

తొమాసా తల ఎత్తలేదు. “మా నాన్న మరలో పనిచేసేవాడు, ఒతీ,” అంది. మైకు లేకపోయినా ఆ గొంతు అందరికీ వినబడింది. “బెతోను పూడ్చిన రోజే అమ్మ నాకు చెప్పింది. నోరెత్తితే మనకూ చివరి రాయే అంది.”

“బెతోను పూడ్చిన రోజే.”

“పన్నెండేళ్ళ దాన్నే. భయమేసింది.”

“పన్నెండేళ్ళప్పుడు నాకూ భయమే వేసింది. ఇరవై ఏళ్ళప్పుడు? నలభై ఏళ్ళప్పుడు? నా మొగుడు పోయినప్పుడు? నిన్న కాఫీ దగ్గర?”

ఒతీలియా మైకు కింద పెట్టి, రాళ్ళ వెంబడి చివరి దాకా నడిచింది. పన్నెండో తొట్టిలోని పూలమొక్కలను కుదుళ్ళతో సహా పెరికి లోయలోకి విసిరింది. మట్టిని దోసిళ్ళతో ఎత్తిపోసింది. ఎవరూ ఆపలేదు. యెసేనియా ఒక్కతే ఏడుస్తూ దగ్గరికి వచ్చింది.

“బిళ్ళ చేయిస్తాను మామ్మా. ఏమని రాయించమంటారు?”

“బసీలియా సమరీపా అని. దాని కింద, జ్వరం ఈ రాయి నుంచి రాలేదు అని. మొదటి రాయి మీద మాత్రం ఏమీ మార్చకు. ఆ పేరు అలాగే ఉండనీ, కింది మాట చదివినవాళ్ళు పైకి నడిచి వెళ్ళి చూసుకుంటారు.”

ఇంటికి వెళ్ళే దారి ఇద్దరిదీ ఒకటే అయిపోయింది. ఒతీలియా ముందు, తొమాసా పది అడుగులు వెనక. మట్టిచేతులు కడుక్కోవాలని కూడా ఒతీలియాకు తోచలేదు. ఆమెకు కంబళ్ళు గుర్తొచ్చాయి, తొట్టిలో పడటం, నలభై రోజుల పురిటి బట్టలు. అవి తొమాసా ప్రేమతో ఉతికిందా, పాపం కడుక్కోవడానికి ఉతికిందా? ఇక ఎన్నటికీ తేలదు. ఇంతమంది ఇన్ని దోచుకుపోయినా మిగిలిందనుకున్న ఆ ఒక్క మంచి సంగతి కూడా తీసుకుపోయారు. కళ్ళనీళ్ళు రావడం లేదు, పళ్ళు కొరుక్కుంటోంది.

గుమ్మాల దగ్గరికి వచ్చాక తొమాసా ఆయాసపడుతూ నిలబడింది. “ఒతీ,” అంది. “రేపు... కాఫీకి రావా ఇక?”

ఒతీలియా తలుపు తీసి, గడప మీద నిలబడి వెనక్కి తిరిగింది.

“వస్తాను. రేపూ వస్తాను, ఎల్లుండీ వస్తాను. రోజూ వచ్చి నీ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటాను. నీ కాఫీ తాగుతాను. ఒక్క మాట మాట్లాడను. తెలిసి తెలిసి ఎదుట కూర్చుని నోరు మెదపని మనిషితో బతకడం ఎలా ఉంటుందో నువ్వూ చూద్దువుగాని.”